చిల్లుల డబ్బాలు

అట్టపెట్టెను తిట్టేవాళ్ళంతా దాచుకోవలసిందేమీ లేనివాళ్ళని నా నమ్మకం. అట్టపెట్టె మంచిది. కిరాణా అంగడిలో అడిగితే ఊరికే ఇస్తారు. పైన సబ్బుల బొమ్మ ఉంటుంది, లోపల మన సంసారం ఉంటుంది, టేపు వేస్తే నోరు మూసుకుని పడి ఉంటుంది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడినా వాళ్ళకు కనిపించేది ఆ సబ్బుల బొమ్మే. ఈ సంగతి నాకు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఇల్లు మారిన రోజున తెలిసింది. అప్పటికే మా సామానంతా చిల్లుల డబ్బాల్లోకి ఎక్కేసింది.

డబ్బాల ఆలోచన మా ఆయనది. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాడు. పత్తి తూకంలో ఆయన్ని ఎవరూ మోసం చేయలేరు గానీ ఫోన్లో ఎవడేం చెప్పినా నమ్మేస్తాడు. పెద్ద ఊళ్ళలో ఇల్లు మారేవాళ్ళు ఇప్పుడు అట్టపెట్టెలు వాడడం లేదని, ప్లాస్టిక్ డబ్బాలు అద్దెకు తెచ్చుకుని సామాను దించుకోగానే తిరిగి ఇచ్చేస్తున్నారని, చెత్త మిగలదని, చెట్లు బతుకుతాయని ఎవరో చెప్పారట. మా వీధిలో ఒక చెట్టయినా లేదు. అయినా ఆయనకు చెట్ల మీద జాలి పుట్టింది. వెతికితే ఆదోనిలోనే ఒక భాయ్ దొరికాడు. టమాటా మండీకి డబ్బాలు అద్దెకిచ్చే మనిషి. టమాటాలు రాని నెలల్లో అవి ఊరికే పడి ఉంటున్నాయని ఇల్లు మారేవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టాడు. టమాటాకు గాలి ఆడాలి కాబట్టి ఆ డబ్బాలకు నాలుగు పక్కలా చిల్లులు. సంసారానికి గాలి ఎందుకని అడిగే బుద్ధి ఆ రోజు మా ముగ్గురిలో ఎవరికీ పుట్టలేదు.

ముగ్గురమంటే నేను, మా ఆయన, మా అమ్మ. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. నేను ఎమ్మిగనూరులో ఒక స్కూల్లో టీచర్ని. పెళ్ళయినప్పటి నుంచి ఆదోని బస్సుల్లో నిలబడి పోయి, నిలబడి వచ్చి నడుము పాడైంది. ఇంకా బస్సుల్లో తిరిగితే ఆపరేషనే అని డాక్టరు మొహం మీద చెప్పాడు. ఉద్యోగమన్నా మానాలి, ఇల్లన్నా మారాలి. స్కూలుకు నడిచిపోయే దూరంలో ఇళ్ళు చూడడం మొదలుపెట్టాం. చూసిన ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న ఎదురైంది.

"మీరు తింటారా?"

ఏం తింటారని అడగరు. అన్నమా, రొట్టెనా, గడ్డా అని ఉండదు. తింటారా, అంతే. అడిగేది తిండి గురించి కాదని అడిగేవాళ్ళకు తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. నువ్వు ఏ వీధిలో పుట్టావో నోరు నొప్పి పుట్టకుండా తెలుసుకోవడానికి మర్యాదస్తులు కనిపెట్టిన మాట అది. మొదటి రెండు మూడు ఇళ్ళలో నిజం చెప్పాం. ఆ ఇళ్ళన్నీ మేము మెట్లు దిగేలోపే ఎవరికో అద్దెకు పోయాయి.

చివరికి దొరికిన ఇల్లు మగ్గాల వీధి దాటిన తర్వాత ఉంది. వెనక భాగం మాకు, ముందు భాగంలో ఓనరమ్మ. మా అమ్మ కంటే కొంచెం చిన్నది. నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎప్పుడూ గొంతు పెంచదు. గేటు దగ్గరే అడిగింది, తింటారా అని. మా ఆయన "ఆకుకూరలు బాగా తింటామమ్మా" అన్నాడు. ఆయన తెలివి అంతవరకే. నేను అందుకుని "తినమమ్మా" అన్నాను. పక్కన నిలబడిన అమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది.

మా నాన్న ఆదోనిలో మటన్ కొట్టేవాడు.

ఇల్లు ఖాళీ చేసే రోజు భాయ్ డబ్బాలు తెచ్చి వరండాలో పేర్చాడు. ఎర్రవి, నీలివి, కడిగి ఆరబెట్టినవి. వంటసామాను, పుస్తకాలు, బట్టలు అన్నీ సర్దుకుంటూ వచ్చాం. మధ్యాహ్నానికి అమ్మ మంచం కింద నుంచి చింతమొద్దును బయటికి దొర్లించుకుంటూ వచ్చింది. నాన్న మాంసం కొట్టిన మొద్దు. గుండ్రంగా, మోకాలెత్తున ఉంటుంది. పైన కత్తి గాట్లు, ఏళ్ళ తరబడి కొవ్వు తాగి నల్లబడిన కట్టె. ఆయన వస్తువుల్లో ఆమె దాచుకున్నది అదొక్కటే.

"దాన్ని ఈడనే వదిలేయమ్మా. తినమని చెప్పి వచ్చినాం ఆడ" అన్నాను.

"నీ సదువంతా మీ నాయన దీని మీదనే కొట్టినాడు. నువ్వు వద్దంటే నేనూ రాను, దీని కాడనే ఉంటా" అంది.

మొద్దును ఒక నీలి డబ్బాలో అడుగున పెట్టి, పైన రెండు బొంతలు కప్పాను. పై నుంచి చూస్తే బొంతలే. బడికి పోయి పిల్లలకు ఆకారాలు, వాటి ముఖాలు నేర్పే దాన్ని, డబ్బాకు పక్కలు కూడా ఉంటాయని నాకు తోచలేదు.

మరునాడు పొద్దున్నే మేము ముందుగా పోయి పాలు పొంగించాం. ఓనరమ్మ నన్ను "అమ్మాయ్" అని పిలిచి, పాలలోకి చక్కెర తన వంటింట్లో నుంచే తెచ్చిచ్చింది. అమ్మ చేయి పట్టుకుని మెట్టు దించింది. నాకు ఎంత సంతోషమైందంటే, అబద్ధం చెప్పి మంచి పని చేశాననే అనుకున్నాను.

మధ్యాహ్నం ట్రాలీ వచ్చింది. హమాలీలు డబ్బాలను ఒక్కొక్కటే దించి ఓనరమ్మ అరుగు మీద పేర్చారు. వీధిలో ఆడవాళ్ళందరూ బయటికి వచ్చారు. మా చిల్లుల సంసారం వాళ్ళ ముందర బారుగా నిలబడింది. మా ఆయన లుంగీలు, సొట్టపోయిన కుక్కరు, నా నడుముకు కట్టుకునే బెల్టు, అమ్మ మందుల సంచి. చూడదలచుకున్నవాళ్ళు వంగనక్కర్లేదు కూడా. నీలి డబ్బాను హమాలీ సరిగ్గా ఓనరమ్మ కూర్చున్న కుర్చీ పక్కన దించాడు. ఆమె చిల్లుల్లో నుంచి చూసింది. కొంచెం ఆగి మళ్ళీ చూసింది.

"అదేంది పెద్దమ్మా, గుండ్రంగా?" అని అమ్మను అడిగింది.

అమ్మ నోరు తెరిచేలోపు నేను అన్నాను. "పీటమ్మా. మా అమ్మ కింద కూచోలేదు. దాని మీద కూచుంటాది."

"ఓ, పీటనా" అంది ఓనరమ్మ. "కూచోనీ, కూచోనీ." నవ్వింది కూడా. ఆ సాయంత్రం నుంచి నన్ను అమ్మాయ్ అని పిలవలేదు. సంపులో నుంచి మేము నీళ్ళు తోడుకోవద్దని, మా బిందెల్లోకి తనే పైపు వేస్తానని, మాకు శ్రమ ఎందుకని చెప్పింది. ఆ ఇంట్లో మాకు జరిగినవన్నీ మా శ్రమ తగ్గించడానికే జరిగాయి.

డబ్బాలు వారంలోగా తిరిగి ఇవ్వాలి కాబట్టి అన్నీ గబగబా ఖాళీ చేశాం. భాయ్ వచ్చి ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటుంటే అమ్మ లోపలికి పోయి గుప్పెడు పుట్నాలు, బెల్లం ముక్క తెచ్చి పై డబ్బాలో వేసింది. పుట్నాలు చిల్లుల్లో నుంచి జలజల కిందికి రాలాయి. భాయ్ నవ్వి, రాలినవి ఏరుకుని నోట్లో వేసుకున్నాడు.

"డబ్బాలకు గూడానా అమ్మా?"

"ఒకరి పాత్ర ఖాళీగా ఎట్ల పంపిస్తామప్పా" అంది అమ్మ.

ఓనరమ్మ కిటికీలో నుంచి చూస్తూనే ఉంది.

పండగ వచ్చింది. ఓనరమ్మ స్టీలు గిన్నెలో బక్షాలు పెట్టి, మా కిటికీ గట్టు మీద ఉంచి, తలుపు కొట్టి పోయింది. వేడివేడి బొబ్బట్లు, పైన నెయ్యి. చేతి వంట గురించి అబద్ధం చెప్పకూడదు, చాలా బాగున్నాయి. అమ్మ గిన్నె తోమి, తుడిచి, అందులో పుట్నాలూ బెల్లమూ పెట్టి నా చేతికిచ్చింది. నేను ముందు గుమ్మంలోకి పోయి గిన్నె చాచాను. ఓనరమ్మ చేతులు కొంగులోనే ఉండిపోయాయి.

"ఉండనీలేమ్మా. గిన్నె మీ కాడనే ఉండనీ. మాకు శానా ఉండాయి."

నేను ఆ గిన్నె పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వచ్చిన దూరం ఎంతో లేదు. కానీ దారిలో ఆ గిన్నెను గోడకేసి కొట్టాలనిపించింది. ఇల్లు గుర్తొచ్చింది, బస్సు గుర్తొచ్చింది, నడుము గుర్తొచ్చింది. కొట్టలేదు. అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"ఏమన్నది?"

"మనకే ఇచ్చిందంట. ఉంచుకోమంది."

అమ్మ గిన్నెను అటూ ఇటూ తిప్పింది. అంచు కింద ఓనరమ్మ ఇంటిపేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. అమ్మకు చదువు రాదు. ఆ చుక్కల మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, "మంచామె" అని గూట్లో పెట్టింది. నాకు ఊపిరి వచ్చింది.

ఆ తర్వాత ప్రతి పండక్కీ ఒక గిన్నె వచ్చింది, ఒక్కటీ వెనక్కి పోలేదు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గరికి పోయి వచ్చినప్పుడు కూడా ప్రసాదం గిన్నెలోనే పంపింది. అమ్మ గూట్లో గిన్నెలు వరస కట్టాయి. ఆదోని నుంచి మా చుట్టాలెవరైనా వస్తే వాళ్ళకు చూపించేది. "మా ఓనరమ్మ ఇచ్చినవి. శానా మంచామె" అనేది. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఇక పీట సంగతి. నేను నోరు జారి అన్న ఒక్క మాటకు, ఆ ఇంట్లో ఉన్నంతకాలం అమ్మ ఆ మొద్దు మీద కూర్చోవలసి వచ్చింది. గేటు చప్పుడైతే చాలు, మంచం దిగి పోయి దాని మీద కూర్చునేది. మాంసం కొట్టడానికి చేసిన కట్టె అది, ముసలి ఎముకలకు మెత్తగా ఎందుకుంటుంది. ఆ గాట్లు చీర లోంచి గుచ్చుకునేవి. కుర్చీ తెస్తానంటే వద్దంది. "పీట అని సెప్పినావు గదా" అంది.

ఓనరమ్మ తెలియనట్టే ఉంటూ తెలిసిందంతా వాడుకుంది. శ్రావణ శుక్రవారం ఆమె ఇంటికి పేరంటాళ్ళు వచ్చారు. తాంబూలాలు అయిపోయాక వాళ్ళను వెనక్కి పిలుచుకొచ్చింది. నేను గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. తలుపు ఓరగా వేసి ఉంది.

"ఈ పెద్దమ్మ పీట సూడండి. ఎన్ని గాట్లో" అంది ఓనరమ్మ.

"ఏం కట్టె పెద్దమ్మా?" అని ఒకామె అడిగింది.

"సింతకట్టెమ్మా."

"సింతకట్టెతో పీటలు సేస్తారా?"

"కొందరిండ్లలో సేస్తారులే" అంది ఓనరమ్మ. ఎవరో కిసుక్కుమన్నారు. "ఈ గాట్లేంది పెద్దమ్మా, కూచుంటే పడినాయా?"

"పాతది గదమ్మా" అంది మా అమ్మ.

"లెయ్ పెద్దమ్మా, ఒకసారి బాగా సూడనీ."

అమ్మ మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. వాళ్ళు చూశారు. తర్వాత అమ్మ మళ్ళీ కూర్చుంది. నేను లేచి బయటికి వస్తే ఇల్లు పోతుంది. ఆ పేపర్లలో ఒక పిల్లకు తప్పు లెక్కకు మార్కులు వేశానని తర్వాత చూసుకున్నాను.

ఆదివారాలు మా ఆయన నన్ను బజారులో మెస్సుకు తీసుకుపోయేవాడు. అమ్మకు పార్సిల్ తెస్తానంటే ఒప్పుకోలేదు. "ఈ ఇంట్లో తినమని సెప్పినాం గదా" అనేది. అబద్ధం చెప్పింది మేము, దాన్ని నిజం చేసే పని ఆమె నెత్తిన వేసుకుంది. ఆదివారం పక్క వీధి నుంచి తాలింపు వాసన వస్తే లేచి లోపలికి పోయి పడుకునేది. మనిషి సన్నబడింది. మేమిద్దరం బయట తిని, మూతి తుడుచుకుని, సోంపు నములుతూ ఇంటికి వచ్చేవాళ్ళం.

ఒకరోజు ఓనరమ్మ చెప్పింది. ఆదోనిలో ఉండే కొడుకు ఎమ్మిగనూరుకు మారుతున్నాడట, వెనక భాగం వాళ్ళకు కావాలట. ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పింది. ఇంతలో నా అదృష్టం, స్కూలుకు అవతలి వైపు, కొత్తగా కట్టిన ఇంట్లో ఒక భాగం ఖాళీ అయింది. ఆ ఇంటాయన తింటారా అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. "తింటాము" అన్నాను. "ఎముకలు మోరీలో వేయొద్దండి, అంతే" అన్నాడు ఆయన. నాకు ఆ మనిషి కాళ్ళకు మొక్కాలనిపించింది, అంతలోనే అట్లా అనిపించినందుకు నా మీద నాకే మండింది.

మళ్ళీ భాయ్ డబ్బాలే వచ్చాయి. ఈసారి మా ఆయన జ్ఞానోదయమైన మనిషిలాగా ప్రతి డబ్బాకు లోపల నాలుగు పక్కలా పాత చీరలు పరిచాడు. అమ్మ తన ఎర్ర డబ్బాకు మాత్రం పరచనివ్వలేదు. గూట్లో గిన్నెలన్నీ అందులో పేర్చుకుంది.

సామాను ఎక్కించేటప్పుడు ఓనరమ్మ అరుగు మీదికి వచ్చి నిలబడింది. భాయ్‌ని పిలిచింది.

"మా వాని సామానుకు గూడా డబ్బాలు కావాల. బాగా కడిగి పంపు."

"అన్నీ ఒకటే తొట్టిలో ముంచి కడుగుతానమ్మా. యా ఇంటికి పోయి వచ్చినా అంతే" అన్నాడు భాయ్.

"కడిగితే సాల్లే" అంది ఆమె.

అమ్మ వింది. ఎర్ర డబ్బాను ట్రాలీ ఎక్కించబోతున్న హమాలీని ఆపి, దాన్ని తీసుకొచ్చి ఓనరమ్మ గుమ్మం ముందర దించమంది. తర్వాత కొంగు ముడి విప్పి, ఒక్కో గిన్నెలో ఒక్కో బెల్లం ముక్క వేసింది. తొందర లేదు. వీధిలో వాళ్ళు చూస్తున్నారు.

"ఏంది పెద్దమ్మా ఇది?" అంది ఓనరమ్మ.

"నీ గిన్నెలమ్మా. ఖాళీగా ఇయ్యగూడదని బెల్లం ఏసినా. ఒగటి గూడా వాడలేదు, తోమి పెట్టినా."

"నేను ఇచ్చినవే గదా. నీ కాడనే ఉండనీ."

"పేరు కొట్టించిన గిన్నె ఎవురన్నా ఇస్తారామ్మా" అంది అమ్మ. "మాకు సదువు రాకపోయినా పేరు ఉండాదని తెలుస్తాది. మా పాప ఇల్లు పోతాదని గమ్మునుంటి."

నేను ట్రాలీ పక్కన నిలబడి ఉన్నాను. అమ్మ చుట్టాలకు గూడు చూపించి పొగిడిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవి చుట్టాల కోసం చెప్పినవి కావు. నేను వినాలని, విని నిశ్చింతగా ఉండాలని చెప్పినవి. నాకు ఏడుపు వచ్చింది, ఓనరమ్మ ముందర ఏడవకూడదని ట్రాలీ ఎక్కాను.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం భాయ్ ఫోన్ చేశాడు. మొన్న తక్కువ వచ్చిన డబ్బా దొరికిందన్నాడు. ఓనరమ్మ గుమ్మం ముందరనే ఉందా అని అడిగాను.

"ఆడనే ఉండాది మేడమ్, ఆమె కొడుకు సామాను దించడానికి వచ్చి నేను ఇప్పుడు దాని ముందరనే నిలబడి ఉండాను. చీమలు పట్టినాయి. ఎవురూ ముట్టుకోవడం లేదు, సుట్టూ తిరిగి లోపలికి పోతాండారు. మీరు వాడిన మిగతా డబ్బాల్లోనే కొడుకోళ్ళ దేవుడి సామాను తెచ్చినాం, దేవుడి గదిలోకి నేరుగా పెట్టించింది. ఈ గిన్నెలు తీసకపోయి మీకు ఇయ్యమంటాంది. ఏం జేసేది?"

నేను ఫోను స్పీకరులో పెట్టి అమ్మను అడిగాను. అమ్మ తల ఎత్తలేదు.

"వాని డబ్బా వాన్ని తీసుకోమను. గిన్నెలు ఆ గుమ్మం మీదనే వరసగా పెట్టమను. పేరు వీధిలోకి కనపడేట్టు పెట్టమను."

ఫోనులో స్టీలు చప్పుడు వినిపించింది, ఒకటి తర్వాత ఒకటి.

అమ్మ కింద కూర్చుని, చింతమొద్దును ముందరికి లాక్కుని, మాంసం కొట్టడం మొదలుపెట్టింది.